డై గ్రైండర్ బర్ జారి టేకు తలుపు మీద పద్మం రేకు పాడైంది. లోపం బర్‌లోనా, పట్టులోనా?

గోదారి_ఫ్యాబ్రికేటర్:

అందరికీ నమస్కారమండి. రాజమండ్రి దగ్గర మాకు చిన్న షెడ్డు ఉంది. ఒక పక్క నేను గేట్లు, స్టీల్ రెయిలింగులు, అల్యూమినియం కిటికీలు చేస్తాను. రెండో పక్క మా నాన్నగారి వడ్రంగం. సింహద్వారాలు చేయించుకోవడానికి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తారు.

రెండు నెలల క్రితం ఒక డై గ్రైండర్ కొన్నాను, అంటే చేత్తో పట్టుకుని, కొనలో బర్ బిగించి తిప్పే మిషన్. స్పీడ్ మార్చే డయల్ లేదు, ప్లేటు మీద 25,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అని ఉంది. నాలుగంగుళాల గ్రైండర్ డిస్కు దూరని లోపలి మూలల్లో వెల్డింగ్ తీయడానికని కొన్నాను. దాంతోపాటు పది కార్బైడ్ బర్‌ల (తల చుట్టూ పళ్లుండి, తిరుగుతూ కోసే ముక్కల) సెట్టు ఆన్‌లైన్‌లో 900 రూపాయలకి తెప్పించాను. అన్నీ గళ్లు గళ్లుగా పళ్లున్నవే, అంటే డబుల్ కట్.

ఇప్పటికి మూడు దెబ్బలు తగిలాయి. మొదటిది స్టెయిన్‌లెస్ రెయిలింగ్ దగ్గర. మూలలో వెల్డింగ్ తొందరగా తెగడం లేదని గట్టిగా అదిమి పట్టాను. పావుగంట అయ్యాక బర్ తల ఊడి వెళ్లి పైకప్పు రేకుకి తగిలింది. షాంకు, అంటే మిషన్‌లో బిగించే కాడ, నీలంగా మారిపోయింది. నా మొహానికి జానెడు దూరంలోంచి వెళ్లింది. రెండోది అల్యూమినియం ఛానల్. రెండు నిమిషాల్లో పళ్ల మధ్య అల్యూమినియం కూరుకుపోయి బర్ నున్నటి గుండులా అయిపోయింది.

మూడోదే నన్ను బాగా బాధపెడుతోంది. నాన్నగారికి 61 ఏళ్లు. కుడి మణికట్టు నొప్పి. ఉలి, చెక్క సుత్తి పట్టుకుని రోజంతా కొట్టలేకపోతున్నారు. టేకు తలుపు మీద పద్మం చుట్టూ నేల దించే (పద్మం పైకి తేలేలా చుట్టూ చెక్క లోతుగా తీసే) పనైనా ఈ మిషన్‌తో చేసుకోండి నాన్నా అని నేనే ఇచ్చాను. 12 మిల్లీమీటర్ల గుండు బర్ పెట్టాను. మొదట చెక్క నల్లగా కాలింది, పొగ వచ్చింది. తర్వాత బర్ ఒక్కసారిగా కుడివైపు ఉరికి, పూర్తయిన రేకు మీదుగా గాడి కోసేసింది. రెండు మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. ఆయన మిషన్ ఆపి పక్కన పెట్టారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మళ్లీ ఉలి తీసుకున్నారు.

తలుపు చేయించుకున్నవాళ్ల గృహప్రవేశం మూడు వారాల్లో ఉంది. ఈ మిషన్ చెక్కకి పనికిరాదా? చవక బర్‌లు కావడం వల్లా? ఆ రేకు బాగుపడే దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

*

ఆటోనగర్_హెడ్‌వర్క్:

బ్రదర్, ముందు ఒక పని చేయండి. వెర్నియర్ తీసుకుని బర్ షాంకు కొలవండి, మీ మిషన్‌లో ఉన్న కొలెట్ (షాంకుని బిగించి పట్టుకునే గొట్టం) మీద ఏ సైజు రాసుందో చూడండి. మార్కెట్లో రెండు సైజులు దొరుకుతాయి. ఒకటి 6 మిల్లీమీటర్లు, ఇంకోటి పావు అంగుళం, అంటే 6.35. పావు అంగుళం షాంకు 6 కొలెట్‌లో దూరదు కాబట్టి దానితో ప్రమాదం లేదు. 6 షాంకుని పావు అంగుళం కొలెట్‌లో పెడితేనే ప్రమాదం. నట్టు చివరిదాకా బిగిస్తే పట్టుకున్నట్టే ఉంటుంది గానీ లోపల సరిగ్గా కూర్చోదు. తిరిగేటప్పుడు బర్ ఊగుతుంది, పని మీద పడగానే జారుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో మా షాపులో ఒక కుర్రాడి చేతిలోంచి ఇలాగే షాంకుతో సహా బయటికొచ్చింది.

ఇక అల్యూమినియం. నేను రోజూ చేసేది అదే. బళ్ల సిలిండర్ హెడ్‌లలో పోర్టులు సాఫు చేస్తాను. డబుల్ కట్ బర్ దానికి పనికిరాదు. అల్యూమినియం కట్ అని విడిగా ఉంటుంది. పళ్లు తక్కువ, మధ్యలో గాడులు వెడల్పు, చూడటానికి మిల్లింగ్ కట్టర్‌లా ఉంటుంది. తెగిన ముక్క బయటికి పోవడానికి చోటుండాలి, అంతే సంగతి. దానికి కూడా మొదలుపెట్టే ముందు, మధ్యమధ్యలో కొవ్వొత్తి మైనం రుద్దుతాను. మైనం ఉంటే అల్యూమినియం పంటికి అతుక్కోదు. కొందరు కిరోసిన్ వాడతారు. ఎలక్ట్రిక్ మిషన్‌లో మోటారు కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు వస్తూనే ఉంటాయి, దాని పక్కన కిరోసిన్ తుంపర వద్దు.

కూరుకుపోయిన బర్‌ని పారేయకండి. కాస్టిక్ సోడా నీళ్లలో వేస్తే అల్యూమినియం కరిగిపోతుంది, కార్బైడ్‌కి ఏమీ కాదు. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, మండే గ్యాస్. కాబట్టి ఆరుబయట, ప్లాస్టిక్ డబ్బాలో, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. మూత బిగించొద్దు. తర్వాత నీళ్లతో బాగా కడిగి, తుడిచి, ఒక చుక్క నూనె రాయండి.

చెక్క గురించి నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెబుతారు.

*

బాలానగర్_పాత_ఫిట్టర్:

బాబూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను 1981లో బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో అప్రెంటిస్‌గా చేరాను. 34 ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ప్లాస్టిక్ అచ్చులు, ప్రెస్ డైలు చేసేవాళ్లం. మిల్లింగ్ నుంచి వచ్చిన డై లోపల మూలలు, వంపులు చేత్తో తీసి, ఆకురాయి, ఎమరీ రాయి, చివర డైమండ్ పేస్టుతో అద్దంలా చేయడం నా పని. గాలితో నడిచే పెన్సిల్ గ్రైండర్, అందులో కార్బైడ్ బర్. నా జీవితంలో ఎక్కువ గంటలు పట్టుకున్న పనిముట్టు అదే.

ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన చెయ్యి తప్పు చేయలేదు. ఉలికి తనంతట తాను కదలిక ఉండదు, చెయ్యి ఎటు నెడితే అటు పోతుంది. నలభై ఏళ్లు ఉలి పట్టిన చెయ్యి ఆ నమ్మకంతోనే బర్‌ని పట్టుకుంది. బర్‌కి సొంత పరుగు ఉంది. ఆ విషయం ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ పరుగు ఎటు అన్నది ఇలా చూడండి. మిషన్ వెనక నుంచి చూస్తే బర్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. మిషన్‌ని ముక్కు (బర్ ఉన్న కొన) అవతలికి ఉండేలా పట్టుకున్నారు, చెక్క కింద ఉంది. అంటే బర్ పైభాగం కుడికి, కిందిభాగం ఎడమకి పోతోంది. ఇప్పుడు ఆ బర్‌ని బండి చక్రం అనుకోండి. నేల మీద పెడితే ఎటు దొర్లుతుంది? కుడికి. మీ నాన్నగారి బర్ సరిగ్గా కుడికే ఉరికింది. ఎడమ నుంచి కుడికి జరుపుతూ ఉంటే చక్రం పారిపోవాలనుకునే దిక్కుకే మనమూ తోస్తున్నట్టు. పళ్లు పట్టు దొరకగానే ఎక్కి పరుగెత్తుతాయి. అందుకని కుడి నుంచి ఎడమకి, దాని పరుగుకి ఎదురు జరపాలి. అప్పుడు చేతికి కొంచెం బరువు తెలుస్తుంది, ఆ బరువే మనకి అదుపు. ఇనుము మీదైనా ఇదే లెక్క. చెక్క మెత్తన కాబట్టి పన్ను లోతుగా దిగి ఇంకా గట్టిగా లాగుతుంది. పని మీకు ఏ పక్క ఉన్నా, బర్ చక్రమైతే ఎటు దొర్లుతుందో ఒక్క క్షణం అనుకుని, దానికి ఎదురు వెళ్లండి. నేను కుర్రాళ్లకి మొదటి రోజు నేర్పేది ఇదే.

రెండోది స్పీడ్. అందరూ ఆర్‌పీఎం చూస్తారు, బర్ లావు చూడరు. తల వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని, 3.14తోనూ ఆర్‌పీఎంతోనూ గుణించి వెయ్యితో భాగించండి. పన్ను నిమిషానికి ఎన్ని మీటర్లు పరుగెడుతోందో వస్తుంది. మీ మిషన్‌లో 12 మిల్లీమీటర్ల గుండు అయితే 942 మీటర్లు. 6 అయితే 471. మామూలు ఇనుముకి మేం 400 నుంచి 600 మధ్య నడిపేవాళ్లం. స్టెయిన్‌లెస్‌కి ఇంకా తగ్గించి సుమారు 250 నుంచి 450. అంటే 12 మిల్లీమీటర్ల బర్ మీ మిషన్‌లో స్టీలుకి కూడా ఎక్కువే. అంత వేగంలో, పళ్లు అంత దగ్గరగా ఉన్న బర్‌తో చెక్క తెగదు, రాపిడికి కాలుతుంది. టేకులో జిడ్డు ఉంటుంది, అది కాలి పళ్ల మధ్య తారులా పట్టుకుంటుంది. ఆ తర్వాత తిరిగేది బర్ కాదు, వేడి గుండు.

తల ఊడిపోవడం గురించి. బర్ అంతా ఒకే ముక్క కాదు. తల టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్‌తో కలిపి కాల్చి చేసింది. షాంకు స్టీలు. రెండింటినీ వెండి కలిసిన లోహం కరిగించి అతికిస్తారు, దాన్నే బ్రేజింగ్ అంటారు. షాంకు నీలం తిరిగిందంటే అక్కడ దాదాపు 300 డిగ్రీలు వచ్చినట్టు. తల దగ్గర ఇంకా ఎక్కువ ఉంటుంది. అలాంటి వేడిలో అదిమి పడితే అతుకు నిలవదు. చవక సెట్లలో అతుకు బలహీనంగా ఉండొచ్చు, కాదనను. కానీ పావుగంట ఆపకుండా స్టెయిన్‌లెస్ మూలలో అదిమితే మంచి బర్ కూడా దెబ్బతింటుంది.

స్టెయిన్‌లెస్‌కి ఒక గుణం ఉంది. రుద్దితే గట్టిపడుతుంది. పన్ను తెగ కోస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. మొండి బర్‌తో ఒకేచోట నిలబెట్టి రుద్దారంటే పైపొర గట్టిపడి, అక్కడ కొత్త బర్ కూడా జారుతుంది. వేడి కూడా తొందరగా పక్కకి పాకదు, అక్కడే నిలుస్తుంది. కాబట్టి చిన్న తల బర్ తీసుకోండి, మీ మిషన్‌కి 6 మిల్లీమీటర్లు మించొద్దు. ఒక్కచోట ఆపకుండా చిన్న చిన్న ఊపులతో కదుపుతూ ఉండండి. అరనిమిషం కోయడం, కాసేపు గాలిలో తిప్పడం. వేడెక్కిన బర్‌ని నీళ్లలో ముంచకండి. కొలిమి దగ్గర అలవాటుతో చాలామంది ముంచుతారు. కార్బైడ్ గాజులాంటిది, ఒక్కసారిగా చల్లబడితే సన్నగా బీటలిస్తుంది. ఆ బీట కంటికి కనబడదు, తర్వాతి పనిలో పన్ను రాలుతుంది.

మూలల్లో ఇంకో చిక్కు ఉంది. మూల గుండ్రన ఎంత ఉందో బర్ గుండ్రన కూడా అంతే ఉంటే, బర్ సగం చుట్టూ ఒకేసారి అంటుకుంటుంది. అప్పుడు టకటకమని కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వచ్చిందంటే పళ్లు విరుగుతున్నాయని అర్థం. చుట్టుకొలతలో మూడో వంతు కంటే ఎక్కువ లోహంలో మునగకూడదు. మూల కంటే చిన్న గుండు పెట్టి, ఈ పక్క కొంచెం ఆ పక్క కొంచెం తీస్తూ దిగాలి. మంచి కోతకి ఒక చప్పుడు ఉంటుంది. ఖాళీగా తిరిగేటప్పటి ఈల కంటే కొంచెం దిగి, తెగకుండా సాగుతుంది. చెయ్యి అదిమేకొద్దీ ఆ చప్పుడు కుంగిపోతుంది, అప్పుడు చెయ్యి తేలిక చేయాలి. కోసే పని పళ్లది. చెయ్యి దారి చూపిస్తే చాలు.

పట్టుకోవడం: రెండు చేతులూ. ఒకటి మిషన్ ఒంటి మీద, రెండోది ముక్కు దగ్గర పెన్ను పట్టుకున్నట్టు. ముక్కు దగ్గరి చేతి మణికట్టు గానీ చిటికెన వేలి అంచు గానీ పని మీద ఆనాలి. గాలిలో తేలే చేత్తో గీత నిలవదు. మీ నాన్నగారికి ఇది చెప్పక్కర్లేదు, సన్నటి నగిషీకి ఉలి పట్టినప్పుడు ఆయన చేసేదీ ఇదే. షాంకు మూడింట రెండు వంతులు కొలెట్ లోపల ఉండాలి. పొడుగ్గా బయటికి వదిలితే తిరిగేటప్పుడు వంగి కొరడాలా కొడుతుంది.

చివరగా ఒక మాట, దీన్ని మాత్రం నా కోసం పాటించండి. మీ నాన్నగారి భుజం మీద తుండు ఉంటుందేమో, మిషన్ ముట్టుకునే ముందు తీసి దూరంగా పెట్టమనండి. నిమిషానికి 25,000 చుట్లు తిరిగేదానికి తుండు అంచు తగిలితే చెయ్యి వెనక్కి లాక్కునే లోపు చుట్టేస్తుంది. నూలు గ్లౌజులు కూడా అంతే ప్రమాదం. ఇక కళ్లు. 1993లో నేను గీత సరిగ్గా కనబడటం లేదని కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపాను. ఒక్క నిమిషం. సింగిల్ కట్, అంటే పళ్ల గీతలు ఒకే వైపు ఉన్న బర్ నుంచి సూది లాంటి ముక్క వచ్చి ఎడమ కంటి నల్లగుడ్డు మీద గుచ్చుకుంది. సాయంత్రం దాకా దుమ్మేలే అనుకుని కళ్లు నీళ్లతో కడుక్కుంటూ ఉన్నాను. రెండో రోజుకి ముక్క చుట్టూ తుప్పు వలయం పట్టింది. డాక్టరు మైక్రోస్కోపు కింద తీశారు. ఇప్పటికీ రాత్రిపూట ఎదురొచ్చే బండి లైటు ఆ కంటికి చీలికలుగా కనబడుతుంది. డబుల్ కట్ బర్ ముక్కని నలిపి రవ్వగా వదులుతుంది కాబట్టి కొంచెం మేలు, అయినా కళ్లద్దాల మీద ఫేస్ షీల్డ్ కూడా వేసుకోండి. మీది స్టెయిన్‌లెస్ పని. స్టెయిన్‌లెస్‌లో 304 అనే రకం రవ్వని అయస్కాంతం సరిగా లాగదు, దానితో తీయలేరు. కంట్లో పడితే రుద్దకుండా నేరుగా కళ్ల డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

చెక్క బర్‌ల రకాలు, రేకు బాగుచేయడం నా పని కాదు. ఆ పని చేసేవాళ్లు చెబితే నేనూ నేర్చుకుంటాను.

*

గోదారి_ఫ్యాబ్రికేటర్:

పెద్దాయన గారూ, మీరు రాసినదంతా రాత్రి నాన్నగారికి చదివి వినిపించాను. బండి చక్రం మాట దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. తర్వాత ఒక మేకు చేతిలో తిప్పుకుంటూ ఎటు దొర్లుతుందో చూసుకున్నారు. “అదా సంగతి” అన్నారు. ఆయన ఈ మిషన్ గురించి మాట్లాడటం ఆ రోజు తర్వాత ఇదే మొదటిసారి.

ఆటోనగర్ అన్నా, మీరు చెప్పింది నిజమే. పెట్టెలో రెండు కొలెట్‌లు వచ్చాయి. నేను చూడకుండా పావు అంగుళందే బిగించాను. బర్ షాంకులు 5.98, 5.97 ఉన్నాయి. రెండు షాంకుల మీద జారిన గీతలు కూడా ఉన్నాయి. ఇన్నాళ్లూ అదే కొలెట్‌తో చేశాను. తలుచుకుంటే ఒళ్లు జలదరించింది. ఇప్పుడు 6 కొలెట్ వేశాను, ఊగడం పోయింది.

ఒక సందేహం. చెక్క కోసం స్పీడ్ తగ్గించడానికి ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టొచ్చా?

*

బాలానగర్_పాత_ఫిట్టర్:

ఫ్యాన్ రెగ్యులేటర్ వద్దు బాబూ. అది ఫ్యాన్ లాంటి చిన్న లోడ్ కోసం చేసింది, మీ మిషన్ దానికి నాలుగైదు రెట్లు లాగుతుంది. కాలిపోతుంది. డ్రిల్లుల కోసం పెద్ద కెపాసిటీ రెగ్యులేటర్లు విడిగా దొరుకుతాయి, వాటితో తగ్గుతుంది. అయితే మోటారు చల్లబరిచే ఫ్యాన్ కూడా అదే ఇరుసు మీద ఉంటుంది. చుట్లు తగ్గితే గాలి తగ్గి మోటారు వేడెక్కుతుంది, బలమూ తగ్గుతుంది. ఐదు నిమిషాల పనికి సరే. రోజూ చెక్కపని చేయాలంటే డయల్ ఉన్న మిషనే మంచిది. 10,000 నుంచి 28,000 దాకా మారేవి దొరుకుతాయి. అందులో లోడ్ పడ్డా స్పీడ్ పడిపోకుండా చూసే ఎలక్ట్రానిక్స్ ఉన్నది తీసుకోండి.

*

కొండపల్లి_చెక్కబొమ్మ:

నమస్తే అండి. మా పుట్టింటివాళ్లది కొండపల్లి బొమ్మల పని. పెళ్లయ్యాక నేను తలుపు ప్యానెళ్లు, దేవుడి మందసాలు కూడా చేస్తున్నాను. బర్ వాడటం నాలుగేళ్లుగా అలవాటు.

ముందు చెక్క గురించి. మా బొమ్మలకి వాడే తెల్ల పొణికి దూదిలా మెత్తన, తేలిక. దాని మీద డబుల్ కట్ బర్ పెడితే కోయదు, పీచు లేపుతుంది. పొణికికి నేను ఉలే వాడతాను. టేకు అలా కాదు. గట్టిది, పీచు తక్కువ. పైగా టేకులో ఇసుక గుణం ఉంటుంది కాబట్టి మామూలు స్టీలు పదును తొందరగా పోతుంది. ఆ విషయంలో కార్బైడే నయం. అంటే టేకుకి బర్ పనికొస్తుంది, మీ దగ్గర ఉన్నవి కాదు. చెక్కకి పళ్లు దూరం దూరంగా, ముళ్లలా నిలబడి ఉండే కార్బైడ్ బర్‌లు ఉంటాయి. కుట్జాల్, సేబర్‌టూత్ లాంటి విదేశీ కంపెనీలవి. ఖరీదు ఎక్కువ. నేను రెండే కొన్నాను, ఒక గుండు, ఒక మంట ఆకారంది. అవి కొనేదాకా స్టీలు రోటరీ ఆకురాయితో గడిపాను, అది హార్డ్‌వేర్ షాపుల్లోనే చవకగా దొరుకుతుంది. గరుకుగా వస్తుంది గానీ కాల్చదు. పెద్ద గుండుకి 12,000 దాటించను. చెక్క కాలిన వాసన ముక్కుకి తగిలిన క్షణమే చెయ్యి ఎత్తేస్తాను. పళ్లలో జిడ్డు పేరుకుంటే థిన్నర్‌లో నానబెట్టి ఇత్తడి బ్రష్‌తో తోమడమే. థిన్నర్ పూర్తిగా ఆరాకే మళ్లీ మిషన్‌లో పెట్టాలి.

నాన్నగారికి నేను చెప్పేంతదాన్ని కాదు. నా పద్ధతి మాత్రం చెబుతాను. బర్‌తో నేల దించేటప్పుడు రేకు అంచుకి మూడు మిల్లీమీటర్లు ఇవతలే ఆగుతాను. అందుకోసం అంచు చుట్టూ ముందే ఉలితో నిలువు గాటు పెట్టుకుంటాను. బర్ ఎప్పుడైనా జారినా ఆ గాటు దగ్గర పీచు తెగి ఆగుతుంది, రేకు కింద పేడు లేవదు. మిగిలిన ఆ మూడు మిల్లీమీటర్లు ఉలిపనే. మణికట్టుకి బాధ కలిగించేది నేల దించే మోటుపని, అది బర్‌కి ఇస్తే చాలు. అంచు ఆయన చేతిలోనే ఉండాలి. చూసేవాళ్లు మెచ్చుకునేది ఆ అంచునే కదా.

రేకు గురించి. దయచేసి చెక్కపొడి, జిగురు కలిపి నింపకండి. మా బొమ్మల్లో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు వేస్తాం, దాని మీద సున్నం, రంగులు వస్తాయి కాబట్టి కనబడదు. మీ తలుపుకి రంగు వేయరు, పాలిష్ చేస్తారు. పాలిష్ తగలగానే నింపిన చోటు నల్ల మచ్చలా లేస్తుంది. గాడి రెండు మిల్లీమీటర్లే అయితే, రేకు మందం ఎంత ఉందో చూడండి. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే ఆ రేకుని గాడి అడుగు దాకా దించి, మిగతా రేకులని కూడా ఒకటి విడిచి ఒకటి అదే ఎత్తుకి దించొచ్చు. పైవరస, కిందివరస ఉన్న పద్మంలా కనబడుతుంది, పాత గుడి తలుపుల మీద అలాంటివి చూస్తాం. అంత మందం లేకపోతే, రేకు మధ్య ఈనె గీతని హద్దుగా పెట్టుకుని పాడైన సగం తీసేసి, అదే దూలం మిగులులోంచి అదే ధార (చెక్క గీతల) దిక్కు కలిసేలా ముక్క అతికించాలి. అతుకు ఈనె గీతలో కలిసిపోతుంది.

ఇంకో విషయం, మాస్క్. ఉలి పొట్టు కిందపడుతుంది, బర్ పొడి గాలిలో తేలుతుంది. టేకు పొడికి నాకు ముక్కు కారడం, మెడ మీద దద్దుర్లు వచ్చాయి. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. గుడ్డ కట్టుకుంటే ఆగదు. ఎన్95 వేయించండి. షెడ్డు గుమ్మం దగ్గర గాలి వీపు వెనక నుంచి వచ్చేలా కూర్చోమనండి. మీ వెల్డింగ్ రవ్వలు ఆ పొడి దగ్గరికి రాకుండా మధ్యలో ఇనప రేకు అడ్డు పెట్టండి. మీది ఒకే షెడ్డు అని చదివినప్పటి నుంచి నాకు ఇదే భయంగా ఉంది.

*

గోదారి_ఫ్యాబ్రికేటర్:

అక్కా, పెద్దాయన గారూ, ఆటోనగర్ అన్నా, పది రోజుల తర్వాత రాస్తున్నాను.

మొదట రేకుల అడ్డు కట్టాను. మా ఇద్దరి పనికీ మధ్య ఇన్నేళ్లూ ఖాళీ జాగానే ఉండేది.

డయల్ ఉన్న డై గ్రైండర్ ఒక స్నేహితుడి దగ్గర వారానికి తెచ్చాను. రోటరీ ఆకురాయి గుండు ఒకటి కొన్నాను, అక్క చెప్పిన ముళ్ల బర్‌కి ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు. పాత టేకు ద్వారబంధం ముక్క బల్లకి బిగించి ఇచ్చాను. నాన్నగారు తుండు తీసి మేకుకి తగిలించి కూర్చున్నారు. మొదటి రోజు కుడి నుంచి ఎడమకి గీతలు మాత్రమే గీశారు. ఒక మూరెడు ముక్క నిండా గీతలే. రెండో రోజు నన్ను అడగకుండానే ఆ ముక్క మీద చిన్న ఆకు గీసి చుట్టూ నేల దించారు. 11,000 దగ్గర పెట్టాం, ఎక్కడా కాలలేదు. పొడి కాకుండా సన్నటి తురుములా వచ్చింది.

అసలు తలుపు మీద రేకు మందం ఆరు మిల్లీమీటర్లే ఉంది. అందుకని ముక్క అతికించడమే మేలనుకున్నారు. తలుపు పైభాగం కోసినప్పుడు మిగిలిన ముక్క మూలన దాచి ఉంది, అదే ధార. ఈనె గీత వెంబడి పూర్తిగా ఉలితోనే చేశారు, దాని దగ్గరికి మిషన్ రానివ్వలేదు. నిన్న పాలిష్ మొదటి పూత వేశాం. అతుకు ఎక్కడుందో తెలిసిన నాకే వెతుక్కోవాల్సి వస్తోంది.

నా పని కూడా మారింది. స్టెయిన్‌లెస్‌కి 6 మిల్లీమీటర్ల చెట్టు ఆకారం బర్ విడిగా పెట్టాను. ఇనుముకి వాడినవి దానితో కలపడం లేదు, ఆ రవ్వ అంటి తుప్పు మరకలు వస్తున్నాయని ఇప్పుడు అర్థమైంది. మూల తీయడానికి ముందు పావుగంట పట్టేది. అదమడం మానేశాక ఆరేడు నిమిషాల్లో అయిపోతోంది, షాంకు రంగు మారడం లేదు. బర్‌లన్నీ ఒకదానికొకటి తగలకుండా నాన్నగారు టేకు చెక్కలో పది రంధ్రాలు వేసి స్టాండు చేసిచ్చారు.

ఇవాళ పొద్దున ఆయనే వచ్చి అడిగారు, పద్మం మధ్యలో గింజలు దింపడానికి ఈ గుండు పెద్దదైపోతోంది, దీనికంటే చిన్నవి దొరుకుతాయా అని.

*

బాలానగర్_పాత_ఫిట్టర్:

దొరుకుతాయి బాబూ. 3 మిల్లీమీటర్ల షాంకు మీద 3 మిల్లీమీటర్ల గుండు తీసుకోండి. అంత చిన్న తలకి మీ పాత 25,000 మిషనే సరిపోతుంది. లెక్క వేస్తే పన్ను వేగం 236 మీటర్లే వస్తుంది, టేకు కాలదు. దానికి 3 కొలెట్ విడిగా కొనాలి. ఇందులోనూ రెండు సైజులు, ఒకటి సరిగ్గా 3 మిల్లీమీటర్లది, ఇంకోటి ఎనిమిదో వంతు అంగుళం, అంటే 3.175. కొనే ముందు షాపులోనే వెర్నియర్‌తో కొలిచి తీసుకోండి. అంత సన్న షాంకు పక్కకి నెడితే వంగుతుంది, నాన్నగారిని గింజ చుట్టూ తేలిగ్గా తిప్పమనండి. తలుపు బిగించాక ఒక ఫోటో పెట్టండి, చూడాలని ఉంది.